పెన్సిల్‌తో రాసిన అర్థం

ఆగస్టు 3

కోరుట్లలో పొద్దున్నుంచీ వాన. ‘ఐ జి హెచ్ టి’ పేజీ మూడోసారి తిరగరాశాను. నైట్ – రాత్రి. లైట్ – వెలుగు. ఫైట్ – కొట్లాట. టైట్ – బిగువు. సైట్ – చూపు. తోక అదే, తల మారిస్తే చాలు, ఇంకో మాట. మా పిల్లలకు ఇంగ్లీషు ఇలా గుంపులు గుంపులుగా చెబితేనే ఎక్కుతుంది. ఆరేళ్లుగా ఈ ఎర్ర అట్ట నోటుబుక్కు. నూట నలభై పేజీలు. ఉన్నది ఈ ఒక్క ప్రతే.

“ఆరేండ్లల్ల మంది ఇండ్లు కట్టుకున్నరు” — ఈయన, భోజనం దగ్గర. జగిత్యాల ఆఫీసులో ఫైళ్ల దుమ్ము దులిపే మనిషి నాకు లెక్క చెబుతున్నారు.

ఆగస్టు 5

హెడ్మాస్టర్ పిలిచారు. ఎవరు చెప్పారో, ‘ఓ ఎం బి’ పేజీ చూపించమన్నారు. కోమ్ – దువ్వెన. బాంబ్ – బాంబు. టూమ్ – సమాధి. వూమ్ – గర్భం.

“ఆడపిల్లల బడిల గర్భం ఎందుకమ్మా?”

“పాఠంలో ఉంది సార్.”

“ఉంటె ఉంటది. మనం ఎందుకు రాసుడు?”

తీసేస్తానని చెప్పి వచ్చాను. తీసెయ్యను.

ఆగస్టు 8

జగిత్యాల ప్రెస్సు. అచ్చు అక్షరాలు పేర్చే ముసలాయన ‘ఐ జి హెచ్ టి’ పేజీ చూసి కళ్లద్దాలు తీశాడు. “టీచరమ్మా, ఒక్క పేజీల ముప్పై జీలా? నా పెట్టెల ఉన్నయే పద్దెనిమిది.” పెళ్లి కార్డులకు, దుకాణం బిల్లులకు అన్నేసి జీలు ఎవరికి కావాలి? సగం పేజీ వేసి, అక్షరాలు విడదీసి, మళ్లీ పేర్చాలట. “గీ మాటలు జర తక్కువ చేయరాదా?” అని కూడా అన్నాడు. రాత్రి ఉండాలా, వెలుగు ఉండాలా, నన్నే తేల్చుకోమని.

సెప్టెంబరు నెలాఖరుకు బుక్కు తెచ్చి ఇస్తే దసరా తర్వాత మొదలు పెడతాడట.

ఆగస్టు 11

ఇవాళ పెద్ద నిఘంటువు మీద కోపం వచ్చింది. ‘ఓ ఓ ఎం’ పేజీ — రూమ్, బ్రూమ్, గ్రూమ్, లూమ్. లూమ్‌కు వాళ్ల అర్థం: ‘దారముతో వస్త్రము నేయు యంత్రము.’ అంతే. సిరిసిల్లలో మా నాన్న గుంటలో కాళ్లు పెట్టుకుని ముప్పై ఏళ్లు నేశాడు. మోకాళ్లు పోయాయి. అర్థం రాసినవాడు ఒక్కసారి ఆ గుంటలో కూర్చుని ఉంటే బాగుండేది.

నేను ‘మగ్గం’ అని ఒక్క మాట రాశాను. చాలు.

ఆగస్టు 12

సత్తయ్య వచ్చాడు, పద్మ వాళ్ల నాన్న. సిరిసిల్లలో వేరేవాళ్ల పవర్‌లూమ్ నడుపుతాడు. పద్మ ఇక్కడ మేనత్త ఇంట్లో ఉండి మా బడిలోనే చదివింది. మార్చిలో పదో తరగతి ఇంగ్లీషు ఒక్కటే పోయింది, నాలుగు మార్కుల్లో. ఇప్పుడు ఇంటి దగ్గర నూలు కండెలు చుడుతోంది.

“గీ ఇంగ్లీష్ ఒక్కటి గట్టెక్కితె నా బిడ్డ నర్సు ట్రైనింగ్‌కు పోతది మేడం. ఇంకోపారి తప్పిందంటె పెండ్లి చేసుడే అంటున్నరు మా ఇంట్ల.”

అక్టోబరులో మళ్లీ పరీక్ష. నోటుబుక్కు ఇస్తే పిల్ల రాసుకుంటుందట. ఉన్నది ఒక్కటే ప్రతి సత్తయ్యా అన్నాను. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ చేతులు, గోళ్ల మధ్య ఆ నూనె మరక... సరే అన్నాను. ‘ల్యాండ్’ పేజీ అయ్యాక తీసుకుపొమ్మన్నాను.

ఆగస్టు 16

సంత రోజు. మధ్యాహ్నం ఒంటిగంట. ఈయన ఆఫీసుకు పోయారు. తలుపు చప్పుడు.

పేరు రాయను. రాయికల్‌లో నా మూడో తరగతి, మొదటి బెంచీ. అలాగే రాస్తాను. అప్పుడు నేను అక్షరాలు దిద్దించే చిన్న టీచర్‌ని. వాడిప్పుడు అడవిలో, అన్నలలో ఉన్నాడని అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. సంచిలోంచి పాలకూర బయటకు కనిపించేలా పెట్టుకుని వచ్చాడు, సంతకు వచ్చినవాడిలా.

“మంచినీళ్లు ఇయ్యుండ్రి టీచరమ్మా.”

నీళ్లు ఇచ్చాను. అన్నం పెట్టాను. తిడుతూనే పెట్టాను — మీ అమ్మ బీడీలు చుట్టీ చుట్టీ కళ్లు పోగొట్టుకుంటోంది, నీకేమైనా ఉందా అని. తల వంచుకుని తిన్నాడు. తిన్నాక బల్ల మీది నోటుబుక్కు తిరగేశాడు. వెలుగు–రాత్రి పేజీ నచ్చిందట. “మేము సుత ఇంగ్లీష్ నేర్చుకుంటున్నం, పేపర్ చదువుదమని. రాసుకోనా?” నిరుడు మిగిలిన క్వార్టర్లీ క్వశ్చన్ పేపర్ ఒకటి ఇచ్చాను. దాని వెనక రాసుకున్నాడు. నేను దిద్దించిన రాతే. దీర్ఘం కొస పైకి మెలిపెట్టడం మా నాన్న నాకు నేర్పింది, నేను వాడికి నేర్పింది. అక్కడ వాడు మారలేదు.

తర్వాత ‘ల్యాండ్’ పేజీ. ల్యాండ్ – నేల. ఐలాండ్ – దీవి. ల్యాండ్‌లార్డ్ – భూస్వామి.

“భూస్వామి అంటె దేవుని పేరు లెక్కున్నది టీచరమ్మా. దోపిడీదారు అని రాయాలె.”

“అర్థాలు రాసేది నేనా నువ్వా?”

నవ్వాడు. నేను కంచం తీసుకుని లోపలికి వెళ్లి వచ్చేసరికి మనిషి లేడు. భూస్వామి పక్కన పెన్సిల్‌తో — దోపిడీదారు. మూడో తరగతిలోనూ ఇంతే, అడగకుండా రాసెయ్యడం. నా పెన్సిల్ కూడా పట్టుకుపోయాడు.

ఆగస్టు 17

రబ్బరు కనిపించలేదు. రేపు చెరపాలి.

ఆగస్టు 20

సత్తయ్య వచ్చి నోటుబుక్కు తీసుకుపోయాడు. పద్మ రాసుకోవడం అయ్యాక, తానే జగిత్యాల ప్రెస్సులో ఇచ్చి వస్తానన్నాడు. టవల్లో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బస్సెక్కాడు.

చెరపలేదు. బస్సు కదిలాక గుర్తొచ్చింది.

ఆగస్టు 29

బడిలో ఇన్‌స్పెక్షన్. పిల్లలు ‘ఐలాండ్’ను ఇస్లాండ్ అని చదివారు. తల ప్రాణం తోకకొచ్చింది.

సెప్టెంబర్ 19

ఈయన సాయంత్రం బస్సు దిగి చెప్పులు కూడా విప్పకుండా చెప్పారు. నిన్న దారిలో పోలీసులు బస్సులు ఆపి సోదా చేశారట. సత్తయ్యను దింపుకున్నారు. టవల్లో ఎర్ర అట్ట బుక్కు. పార్టీ సాహిత్యం మోస్తున్నాడని జగిత్యాల స్టేషన్లో పెట్టారు. పోలీసులు ప్రెస్సులో ఆరా తీస్తే, ముసలాయన ఈయన ఆఫీసుకు వచ్చి చెప్పాడట.

“కందకు లేని దురద కత్తిపీటకెందుకే? పుస్తకం పోతె పోయింది. నువ్వు పోకు.”

పుస్తకం సంగతి కాదు. లోపల ఉన్నది మనిషి. ఆ పెన్సిల్ మాట నేను చెరపలేదు. ఈ సంగతి ఈయనకు చెప్పలేదు.

సెప్టెంబర్ 20

వెళ్లాను. సెలవు చీటీలో ‘తలనొప్పి’ అని రాశాను. అబద్ధం కాదు.

రెండు గంటలు బల్ల మీద కూర్చోబెట్టారు. ఇన్‌స్పెక్టర్ ఇక్కడివాడు కాదు. నోటుబుక్కు ఆయన ముందు. పేజీల మధ్య అగ్గిపుల్లలు పెట్టి గుర్తులు చేసుకున్నాడు. మా పదో తరగతిలో ఒక్కరైనా ఇంత శ్రద్ధగా చదవలేదు.

“ఏంటమ్మా ఇది?”

“ఇంగ్లీషు మాటలండి. వాటి అర్థాలు.”

“ఆర్మ్, ఆర్మీ, అలార్మ్, హార్మ్... పక్కన ఈ అంకెలేంటి? ఆర్మీ నాలుగు?”

“పరీక్షలో నాలుగుసార్లు వచ్చింది.”

“ఇది ఎవరికి చేరాలి?”

“పదో తరగతికి.”

చెవిటివాడి ముందు శంఖం. పైన ఫార్మ్ – పొలం, చార్మ్ – అందం కూడా ఉన్నాయి, వాటి జోలికి రాడు. ‘ఓ ఎం బి’ పేజీ తీశాడు. బాంబు ఎందుకు రాశావన్నాడు. హెడ్మాస్టర్‌కు గర్భం వద్దు, ఈ సారుకు బాంబు వద్దు. ఇద్దరి మాటా వింటే ఆ పేజీలో మిగిలేది దువ్వెన, సమాధి.

చివరి అగ్గిపుల్ల ‘ల్యాండ్’ దగ్గర. నాకు తెలుసు.

“ఇది పెన్సిల్. మిగతాదంతా ఇంకు. ఎవరు రాశారు?”

లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. సత్తయ్య దగ్గు. నూలు దుమ్ము పట్టిన దగ్గు, మా నాన్నదీ అంతే.

“నేనే.”

“భూస్వామి అని ఒకసారి, దోపిడీదారు అని ఒకసారి?”

“మొదటిది నిఘంటువులోది. రెండోది నాకు తోచింది.”

“రాసి చూపించు.”

పెన్సిల్ ఇచ్చాడు. తెల్ల కాగితం. దోపిడీదారు. దీర్ఘం కొస పైకి మెలిపెట్టి. ఇంకోసారి రాయమన్నాడు. మళ్లీ రాశాను. రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. నా రాతే కదా, ఎందుకు కలవదు? ఆ కొస దిద్దడానికి పదిహేనేళ్ల కింద వాడి వేళ్లు పట్టుకుని పలక మీద ఎన్నిసార్లు తిప్పానో.

కింద వాంగ్మూలం రాయించుకున్నాడు. ‘ఈ పెన్సిల్ రాత నాదే. దీనితో సత్తయ్యకుగాని, మరెవ్వరికిగాని సంబంధం లేదు.’ సంతకం.

“గవర్నమెంటు జీతం తీసుకుంటూ ఇలాంటివి తోచకూడదమ్మా. ఒక్క సంతకంతో వదుల్తున్నా. ఇందులో ఒక్క ముక్క అబద్ధమని తేలినా వాడూ లోపలే, నువ్వూ లోపలే.”

సెప్టెంబర్ 21

సత్తయ్యను వదిలారు. నోటుబుక్కు మాత్రం ఇవ్వలేదు. ‘ఎవిడెన్స్’ అట.

బస్టాండులో అరటిపండు ఇస్తే తినలేకపోయాడు. పెదవి పగిలి ఉంది. ఎడమకాలు ఈడుస్తున్నాడు. ఆ కాలుతో పవర్‌లూమ్ సాంచా దగ్గర పన్నెండు గంటలు ఎలా నిలబడతాడు?

“బుక్కు కాపాడలేకపోయిన మేడం. తప్పయింది.”

తప్పయిందట. నాతో అంటున్నాడు. ఎక్కడికి పోయి చెప్పుకోను.

సెప్టెంబర్ 25

ఈయన మాట్లాడడం లేదు. పోనీ.

అక్టోబర్ 2

పద్మ పరీక్ష దాకా మా ఇంట్లోనే ఉంటుంది. మేనత్త ఇంట్లో చుట్టాలు. పిల్ల తన నోటుబుక్కు తెచ్చింది — నా నూట నలభై పేజీలూ ఎక్కించుకుంది, ఒక్క మాట వదలకుండా. సగం తప్పులే. అయినా చూడగానే ఏడుపొచ్చింది. ప్రెస్సు ముసలాయనకు కబురు పంపాను, ఉంది, ఇంకో ప్రతి ఉంది, జీలు సిద్ధం చేసుకొమ్మని.

తర్వాత ‘ల్యాండ్’ పేజీ తీశాను. ల్యాండ్‌లార్డ్ – భూస్వామి, దోపిడీదారు. నీలం ఇంకుతో, గుండ్రంగా.

“ఇది కొట్టెయ్యి.”

“మీ బుక్కుల ఉన్నదే రాసిన మేడం. రెండిట్ల ఏది కరెక్టు?”

పరీక్షలో మొదటిది రాయమన్నాను. కొట్టెయ్యమని మాత్రం మళ్లీ అనలేదు.

అక్టోబర్ 9

రాయికల్ అవతల గుట్టల్లో కాల్పులట. స్టాఫ్ రూములో గుసగుస. పేపర్లో మూడు లైన్లు. గుర్తుతెలియని ఒకడు హతం.

ఒకడు అంటే ఎవడైనా కావచ్చు.

అక్టోబర్ 11

నిద్ర లేదు. పిల్లల కాపీలు దిద్దాను. ఒకదాని మీద ఎర్ర ఇంకుతో ‘దీర్ఘం సరిగా తిప్పు’ అని రాసి, కొట్టేశాను.

అక్టోబర్ 12

మధ్యాహ్నం కానిస్టేబుల్ వచ్చాడు. ఈ ఊరివాడే, వాళ్ల చెల్లెలు మా బడి. గుమ్మం దిగువనే నిలబడ్డాడు.

“సారు ఎల్లుండి పదింటికి రమ్మన్నరు మేడం. చచ్చిపోయినాయన జేబుల కాయితం దొరికింది. ఇంగ్లీష్ మాటలు, పక్కన తెలుగు. రాత మీ అసొంటిదే ఉన్నదట. చూసి చెప్పాల్నట.”

“ఎలాంటి కాగితం?”

“ఎనుక ఏందో క్వశ్చన్ పేపర్ మేడం. ఇంత పెన్సిల్ ముక్క గూడ ఉండె.”

గోడ పట్టుకున్నాను. అతను అది చూశాడు. చూడనట్టు వెళ్లిపోయాడు. మంచివాడే.

వెధవ. ఆ కాగితం రెండు నెలలు జేబులో ఎందుకు పెట్టుకున్నాడు? చదవడం వచ్చాక పారెయ్యాలని తెలియదా? ఎన్నిసార్లు చెప్పాను, నేర్చుకున్న పాఠం పలక మీద ఉంచుకోవద్దు, చెరిపి కొత్తది రాయమని...

అక్టోబర్ 13

పొద్దున బడికి పోతుంటే గేటు దగ్గర ఆమె. మొదటి బెంచీ వాళ్లమ్మ. రాయికల్ నుంచి మొదటి బస్సుకు వచ్చింది. వేళ్లకు బీడీ ఆకు వాసన. వీధిలో నిలబెట్టలేక, ఇంటికి తీసుకొచ్చి తలుపు వేశాను.

ఆమె స్టేషన్‌కు వెళ్లి వచ్చిందట, నిన్ననే. ముఖం గుర్తు పట్టేటట్టు లేదు. నీ కొడుకేనని ఏంది గుర్తు అని అడిగారట. ఏం చెబుతుంది? ఇంటికి రాక నాలుగేళ్లు. ఎల్లుండి దాకా చూసి, ఎవరూ లేరని వాళ్లే కాలబెడతారట.

“గా కాయితం నాకు గూడ సూపెట్టిన్రు టీచరమ్మా. నాకేమెరుక? ఈత ముల్లు లెక్క కనవడ్డది. మీరు జూస్తె ఎరుకైతది. నా పోరనికి చెయ్యి వట్టి దిద్దిచ్చింది మీరే గద.”

చాయ్ పెట్టి ఇచ్చాను. అది చల్లారిపోయింది.

“వాడైతె ఇంటికి తెచ్చుకుంట. కాకపోతె కాదని చెప్పుండ్రి, ఇంకిన్ని రోజులు ఎదురుసూస్త. ఏదో ఒకటి నోటితోని చెప్పుండ్రి.”

పదింటి బస్సుకు పోయింది. రేపు స్టేషన్ బయట ఉంటానంది.

అదే రోజు, సాయంత్రం

వాడి రాతే అని చెబితే తల్లికి కొడుకు దొరుకుతాడు. ఆ రాతా, నోటుబుక్కులో పెన్సిల్ రాతా ఒకటేనని చూడడానికి ఇన్‌స్పెక్టర్‌కు అరనిమిషం పడుతుంది. నా వాంగ్మూలం అబద్ధం. సత్తయ్య మళ్లీ లోపలికి. ఈసారి రెండో కాలు.

నా రాతే అని చెబితే సత్తయ్య బతుకుతాడు. నా పని ఏమవుతుందో అది వేరే. వాడు ఎవరూ లేనివాడిగా కాలిపోతాడు. ఆమె రాయికల్‌లో గడప మీద కూర్చుని, ఎదురుచూస్తూ చుడుతూనే ఉంటుంది.

ఆరేళ్లు మాటల అర్థాలు రాశాను. ఒక్క కాగితం ఎవరిదో చెప్పడం ఇంత కష్టమని ఎవరు అనుకుంటారు? ఎవరి మీద అరవను? వాడి మీదా, ఇన్‌స్పెక్టర్ మీదా, ఆ రోజు కనిపించని రబ్బరు మీదా?

రేపే పద్మ పరీక్ష కూడా. సత్తయ్య సిరిసిల్ల నుంచి ఇందాకే వచ్చాడు, బిడ్డను సెంటరు దగ్గర దింపడానికి. ఎడమకాలు ఇంకా సరిగా ఆనడం లేదు. అరుగు మీద కూర్చుని పద్మ నోటుబుక్కుకు పాత క్యాలెండర్‌తో అట్ట వేస్తున్నాడు. కానిస్టేబుల్ వచ్చాడని పద్మ చెప్పినట్టుంది.

“రేపు బిడ్డను సెంటర్ల ఇడిసిపెట్టి నేను గూడ మీ ఎంబడి అస్త మేడం. నా కోసం మీరు ఒక్కరే వచ్చిన్రు గద ఆనాడు. మిమ్ముల ఒక్కర్ని ఎట్ల పంపుత?”

వద్దన్నాను. వస్తానన్నాడు. గట్టిగా వద్దన్నాను. ఎందుకు అరిచానో అతనికి తెలియదు. బిత్తరపోయి మళ్లీ అట్ట మడుస్తున్నాడు.

లోపల గదిలో పద్మ పైకి చదువుతోంది. వెలుగు పేజీ. నైట్ – రాత్రి. లైట్ – వెలుగు. సైట్ – చూపు. ఒక్కటీ తప్పు పోవడం లేదు. ఈసారి పాసవుతుంది.

బస్సు ఎనిమిదింటికి. వాళ్లు మళ్లీ రాసి చూపించమంటారు, తప్పకుండా అంటారు. ఇందాకటి నుంచి పాత కాగితం మీద దీర్ఘాలు రాస్తున్నాను. కొస పైకి తిప్పి కొన్ని, తిప్పకుండా కొన్ని. తిప్పితే ఆ కాగితం నాది, తిప్పకపోతే వాడిది. తిప్పకుండా రాద్దామంటే చెయ్యి వినడం లేదు...